నాలుగో లైటు వెలగదు, అయినా వెళ్ళండి: ఒక వాలీబాల్ బ్యాచ్ రివ్యూ

రేటింగు చూసి వెళ్ళిపోయేవాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నాను: అయిదుకు నాలుగు. తగ్గిన ఆ ఒక్క స్టార్ సంగతి మధ్యలో వస్తుంది. మిగతా నాలుగూ దాదాపు ఒక్క మనిషికే ఇచ్చాను.

రివ్యూ దేని గురించంటే, కమ్యూనిటీ గ్రౌండ్‌లో పెద్దవాళ్ళకు నడిపే సాయంత్రం వాలీబాల్ బ్యాచ్ గురించి. వారానికి మూడు రోజులు, రోజుకు గంటన్నర. బోర్డు మీద పెద్దక్షరాలతో ‘ఆట రానివాళ్ళకు’ అని రాసి ఉంటుంది. ఆ మాట చూసే లోపలికి వెళ్ళాను. నాకు 44 ఏళ్ళు, అకౌంట్స్‌లో ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. కాస్త ఒళ్ళు కదిలించమని డాక్టరు చెప్పి రెండేళ్ళు దాటింది. నడక మొదలుపెట్టడం, మానెయ్యడం, కొత్త బూట్లు కొంటే బుద్ధొస్తుందని కొనడం, మళ్ళీ మానెయ్యడం. ఆ బూట్లు ఇప్పుడు పనికొచ్చాయి. చేరి 14 నెలలైంది.

ఆటలతో నాకున్న పాత లెక్క కూడా చెప్పాలి, లేకపోతే ఈ స్టార్లు ఎందుకిచ్చానో అర్థం కాదు. ఏడో తరగతిలో వాలీబాల్ టీముకు పేరిచ్చాను. రెండో రోజే ఆటల టీచరు నా చేతిలోంచి బంతి తీసుకుని నోటుబుక్కు పెట్టారు. "నీ రాత ముత్యాల్లా ఉంటుంది, నువ్వు స్కోరు రాయమ్మా" అన్నారు. మెచ్చుకున్నారనుకుని సంబరపడ్డాను. మూడేళ్ళు రాశాను. కోర్టు పక్కన స్టూలు వేసుకుని ఎవరి సర్వీసు, ఎవరి పాయింటు, ఒక్క తప్పు లేకుండా. ఇప్పుడు ఆఫీసులో చేస్తున్నదీ ఓ రకంగా అదే అనుకోండి.

మొదటిరోజు 19 మందిమి వచ్చాం. కోచ్ గారికి అరవై దాటి ఉంటాయి. ఒకప్పుడు సెట్టర్‌గా, అంటే కొట్టేవాళ్ళకు బంతి లేపి అందించే ఆటగాడిగా ఆడారు. కుడిచేతి చిటికెన వేలు పక్కకు తిరిగిపోయి ఉంటుంది. ఎప్పుడో బ్లాక్‌కు, అంటే అవతలివాళ్ళు కొట్టిన బంతిని నెట్టు దగ్గరే అడ్డుకోవడానికి ఎగిరినప్పుడు విరిగి, సరిగ్గా అతుక్కోలేదట. వేళ్ళ మీద లెక్కపెట్టేటప్పుడు దాన్ని వదిలేస్తారు, "ఇది లెక్కలో లేదు" అంటూ. వాలీబాల్ అంటే ఇటు ఆరుగురు, అటు ఆరుగురు కదా. మిగిలిపోయే ఏడుగురిలో నేనుంటానని లోపల్లోపల తేల్చుకుని అప్పటికే గోడవైపు జరుగుతున్నాను. ఆయన అందర్నీ కోర్టులోకి రమ్మన్నారు. ఇటు తొమ్మిది మంది, అటు పది మంది.

"ఈ వారం 1895 నాటి రూల్సు" అన్నారు.

ఆ ఏడాది అమెరికాలో, హోలియోక్ అనే చోట వై.ఎం.సి.ఏ. అనే క్రైస్తవ యువజన సంఘంలో పనిచేసే విలియం మోర్గన్ ఈ ఆట కనిపెట్టాడు. అప్పటికి బాస్కెట్‌బాల్ పుట్టి నాలుగేళ్ళే. పని ముగించుకుని వ్యాయామానికి వచ్చే ఉద్యోగస్తుల్లో కాస్త వయసు పైబడ్డవాళ్ళకు ఆ పరుగులు, ఆ గుద్దులాటలు పడలేదు. మోర్గన్ టెన్నిస్ నెట్టు తెచ్చి ఆరున్నర అడుగుల ఎత్తున, అంటే మామూలు మనిషి తలకు కాస్త పైన కట్టాడు. మొదట పెట్టిన పేరు మింటొనెట్. అప్పటి నియమాల్లో ఒక పక్కన ఇంతమందే ఉండాలని లేదు, బంతిని అవతలికి పంపేలోపు ఎన్నిసార్లు తాకాలన్న లెక్కా లేదు. "కాబట్టి ఇది ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చేవాళ్ళ కోసం పుట్టిన ఆట. మిగతావన్నీ తర్వాత వచ్చినవాళ్ళు పెట్టుకున్నారు" అని విజిల్ వేశారు.

ఆ వారమంతా బంతి ఒక పక్కనే ఏడెనిమిది మందిని తాకి, నెత్తులకు తగిలి, ఎలాగోలా అవతల పడేది. నేను చేతులు అడ్డం పెట్టానంతే. ఎటు పోయినా ఇంకో చెయ్యి ఉండేది. పక్కన కూర్చోవాల్సిన మనిషంటూ లేకుండా మొదటి మూడు రోజులూ గడిపారంటే అది యాదృచ్ఛికం కాదని చాలా ఆలస్యంగా అర్థమైంది.

ప్రోత్సహించే కోచ్ అంటే ప్రతి బంతికీ సూపర్, సూపర్ అనే మనిషి అనుకునేదాన్ని. ఈయన ఆ మాట వాడరు. 14 నెలల్లో రెండే రెండుసార్లు విన్నాను. అందులో ఒకటి నెట్టు బిగించిన కుర్రాడికి. ఆయన చేసేదల్లా కళ్ళముందు జరిగిందేమిటో చెప్పడం.

మూడో వారం అండర్‌హ్యాండ్ పాస్ నేర్పుతున్నారు. ఒక చేతి మీద ఇంకో చెయ్యి, బొటనవేళ్ళు పక్కపక్కన, మోచేతులు వంగకూడదు. బంతి మణికట్టుకు పైన, ముంజేతుల మీద పడాలి. లేపాల్సింది మోకాళ్ళతో, చేతులతో కాదు. వినడానికి ఇంతే. నా బంతి పన్నెండుసార్లు పన్నెండు వైపులకు పోయింది. పదమూడోది వెనక్కి ఎగిరి ప్రహరీ గోడకు తగిలింది. "సారీ సర్" అనేలోపే ఆయన దగ్గరికొచ్చి నా చేతులు పట్టి చూశారు. మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన, రెండు చేతుల మీదా ఎర్రగా కందిపోయి ఉంది. "ఇదిగో, ఇందాకటిదాకా బొటనవేళ్ళ మీద పడేది. ఇప్పుడు చోటుకొచ్చింది. చోటు కుదిరిందమ్మా, ఇక దిక్కు కుదరాలి. అది మోకాళ్ళ పని" అన్నారు. పక్కవాళ్ళను పిలిచి మరీ చూపించారు, బంతి ఎక్కడ పడాలో ఈవిడ చెయ్యి చూడండని. గోడకు తగిలిన బంతిలో కూడా సరిగ్గా జరిగినదాన్ని వెతికిన మనిషిని నేను అప్పుడే చూడ్డం. ఆ రాత్రి మా అమ్మాయికి ఆ ఎర్రటి మచ్చలు చూపించాను. అది మందు రాయమంటుంది, నేనేమో ఫోటో తీయమంటాను.

రెండో నెలలో అసలు నియమాలు వచ్చాయి. నన్ను భయపెట్టింది రొటేషన్. అవతలివాళ్ళ నుంచి సర్వీస్ గెలుచుకున్న ప్రతిసారీ గడియారం ముల్లు తిరిగే దిశలో అందరం ఒక చోటు జరగాలి. ఎంత వెనక దాక్కున్నా, ఎప్పుడో ఒకప్పుడు గీత దగ్గర బంతి పట్టుకుని ఒంటరిగా నిలబడాల్సిందే. క్రికెట్‌లో అయితే పదకొండో నంబరుగా దిగి, బౌలింగ్ లేకుండా, బౌండరీ దగ్గర నిలబడి మ్యాచ్ గడిపెయ్యొచ్చు. ఇక్కడ రూల్‌బుక్కే చెయ్యి పట్టుకుని ముందుకు లాగుతుంది.

నేను కాగితాల మనిషిని కదా, ఇంటికెళ్ళి నియమాలు చదివాను. 1998 నుంచి లిబరో అని ఒక ఆటగాడిని పెట్టుకోనిస్తున్నారు. వేరే రంగు జెర్సీ వేసుకుంటాడు, వెనక వరసలోనే ఆడతాడు. అంతర్జాతీయ నియమాల ప్రకారం బ్లాక్ చేయకూడదు, సర్వీస్ చేయకూడదు. చేయకూడదు! నాకోసమే రాసినట్టుంది. మర్నాడు వెళ్ళి, "సర్, నేను లిబరోగా ఉంటాను" అన్నాను. ఆయన నవ్వలేదు, అందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని. "లిబరో అంటే టీములో అందరికంటే బాగా రిసీవ్ చేసే, అంటే అవతలి నుంచి వచ్చే బంతిని కింద పడకుండా తీసే మనిషి. ఆ రోజొస్తే జెర్సీ నేనే తెచ్చిస్తాను. అప్పటిదాకా సర్వీస్ చెయ్యి."

వెనక గీత నుంచి నెట్టుకు 9 మీటర్లు. నన్ను ముందే అక్కడికి పంపలేదు. నెట్టుకు 3 మీటర్ల దూరంలో ఉండే అటాక్ గీత దగ్గర నిలబెట్టి, కింద నుంచి కొట్టే సర్వీస్ చేయించారు. పదింటిలో ఏడు దాటితే ఒక అడుగు వెనక్కి. నేల మీద సుద్దముక్కతో గీత గీసి పక్కన తేదీ వేసేవారు. వాన పడితే చెరిగిపోయేవి. ఆయన అడుగులు కొలుచుకుని మళ్ళీ గీసేవారు, నా గీత ఎక్కడుందో ఆయనకు గుర్తే. 9 మీటర్ల గీత చేరడానికి నాకు 11 వారాలు పట్టింది. "విజిల్ పడ్డాక 8 సెకన్లు నీవి. రూలే ఇచ్చింది. ఊపిరి పీల్చుకో, బంతిని రెండుసార్లు నేలకు కొట్టుకో. ఎవరు తరుముతున్నారు?" అనేవారు. బంతి బరువు 280 గ్రాములకు మించదు. ఆ గీత దగ్గర మొదటిసారి నిలబడినప్పుడు మాత్రం పుచ్చకాయంత బరువనిపించింది. కొట్టాను. నెట్టు అంచుకు తగిలి ఇటే పడింది. రెండోది దాటింది. మూడోది కూడా దాటితే ఒక పాయింటు వచ్చింది, అవతల ఇద్దరు ఒకరిమొహం ఒకరు చూసుకుంటూ వదిలేశారు కాబట్టి.

ఆ జబ్బు మాకూ ఉండేది. నా పక్కన ఆడేది ఒక రిటైర్డ్ పెద్దాయన. బంతి మా ఇద్దరి మధ్యకు వస్తే ఆయన నన్ను చూస్తారు, నేను ఆయన్ను చూస్తాను, బంతి మర్యాదగా మధ్యలో పడుతుంది. ఒకరోజు ఇలా మూడుసార్లు జరిగాక కోచ్ గారు ఆట ఆపేశారు. "బంతి మీ వైపు వస్తుంటే ‘నాది’ అనాలి. పక్కవాళ్ళకు వినపడేలా. అన్నాక తీయలేకపోతే తప్పు కాదు. అనకపోతేనే తప్పు."

వినడానికి ఇదీ తేలికే. నాకు గొంతు పెగల్లేదు. ఇంట్లోనూ ఆఫీసులోనూ మనది, మీది, వాళ్ళది అని రోజుకు వందసార్లు అంటాను. నాది అని గట్టిగా అన్న సందర్భం ఎంత వెతుక్కున్నా గుర్తుకు రాలేదు. ఆయన బంతి పక్కన పెట్టేసి, ఆరుగురినీ కోర్టులో నిలబెట్టి, వేలు ఎవరివైపు చూపిస్తే వాళ్ళు అరవాలన్నారు. చూపించిందీ ఆ వంకర వేలితోనే, దాంతో ఎవరివైపు చూపిస్తున్నారో తెలియక ఇద్దరేసి ముగ్గురేసి అరిచేవాళ్ళం. పది నిమిషాలు నాది, నాది అని ఒకటే గోల. గేటు దగ్గర పడుకున్న కుక్క లేచి రోడ్డు దాటి వెళ్ళిపోయింది. నావంతు అయిదోసారి వచ్చేసరికి గొంతు నాదేనా అనిపించేలా వచ్చింది.

ఇది ఆట రివ్యూ కాబట్టి ఆఫీసు గొడవ ఎక్కువ రాయను. ఏడాది లెక్కలు ముగించేటప్పుడు రెండుసార్లు నమోదైన ఒక చెల్లింపును పట్టుకున్నాను. మీటింగులో పెద్దాఫీసరు "ఇది పట్టుకున్నదెవరు?" అని అడిగితే, ఎవరో "మా సెక్షనండీ" అనబోతున్నారు. "నాది" అన్నాను. గదికి ఎంత కావాలో అంతకు రెండింతలు గట్టిగా. అందరూ తిరిగి చూశారు. "అంటే, ఆ రిపోర్టు నాది" అని సర్దుకున్నాను. కుర్చీ అంచుకు వచ్చి, మోకాళ్ళు వంచి, చేతులు ముందుకు పెట్టి ఉన్నానని పక్కన కూర్చున్నావిడ తర్వాత చెప్పింది.

ఇక తగ్గిన స్టార్. కోచ్ గారు కంటి ఆపరేషన్‌కు రెండు నెలలు సెలవు పెట్టారు. బదులు వచ్చినాయన ఆట చూడముచ్చటగా ఉంటుంది, అబద్ధమెందుకు. నోరే సమస్య. "చేతిలో పెట్టినట్టు వస్తే కూడా తీయలేరా?" "మీకెందుకు మేడమ్ ఈ ఆటలు?" ఆయన వచ్చినప్పుడు బ్యాచ్‌లో 22 మందిమి. రెండు నెలలు తిరిగేసరికి 13. నేను మానలేదు గానీ, బంతి వస్తుంటే మళ్ళీ పక్కవాళ్ళ మొహం చూడ్డం మొదలుపెట్టాను.

తిట్టకపోతే ఆట రాదని మా పెద్దాయన వాదన. ఆయన దగ్గర గట్టి ఉదాహరణే ఉంది. 1964లో టోక్యో ఒలింపిక్స్‌తోనే వాలీబాల్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. అక్కడ జపాన్ మహిళలు సోవియట్ జట్టును 3-0తో ఓడించి స్వర్ణం గెలిచారు. వాళ్ళలో ఎక్కువమంది ఒకే బట్టల మిల్లులో పనిచేసే అమ్మాయిలు. కోచ్ డైమాట్సు హిరోబుమి వాళ్ళ పనివేళలు అయ్యాక మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా నేలమీద దొర్లిస్తూ రిసీవ్‌లు చేయించేవాడు. అదంతా నిజమే. "వాళ్ళు ఒలింపిక్స్‌కు వెళ్ళాలండీ. మనం రేప్పొద్దున ఆఫీసుకు వెళ్ళాలి" అన్నాను. పెద్దాయన రిటైరయ్యారు కాబట్టి ఆ మాట అంతగా అంటలేదు.

లెక్కలు చూపిస్తే తప్ప నాకు ధైర్యం రాదు. వెతికితే వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోనల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే సైకాలజిస్టులు పిల్లల బేస్‌బాల్ కోచ్‌ల మీద ఏళ్ళ తరబడి చేసిన పని దొరికింది. ప్రయత్నాన్ని గుర్తించి చెప్పడం, తప్పు జరిగితే ధైర్యం చెప్పి సరిదిద్దే దారి చూపడం, శిక్షలు, ఎత్తిపొడుపులు మానెయ్యడం: కోచ్‌లకు వాళ్ళిచ్చిన శిక్షణ స్థూలంగా ఇంతే. 1992లో వచ్చిన వాళ్ళ పేపర్లో, అలా శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో మరుసటి సీజన్‌కు మానేసినవాళ్ళు 5 శాతం. మిగతా కోచ్‌ల దగ్గర 26 శాతం. మా బ్యాచ్‌లో 22కు 9 అంటే దాదాపు 41 శాతం. ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద వేసి నిర్వహణ కమిటీకి ఇచ్చాను. పరిశీలిస్తామన్నారు. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు. కోచ్ గారు తిరిగొచ్చాక, మానేసిన తొమ్మిదిమందికీ ఆయనే స్వయంగా ఫోన్ చేశారు. అయిదుగురు వచ్చారు. మిగతా నలుగురిలో కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు, మాకందరికీ బంతులు ఏరి తెచ్చేవాళ్ళు. ఆ స్టార్ వాళ్ళ పేరు మీద తీసేశాను. ఒక్క మనిషి సెలవు పెడితే కూలిపోయే ఏర్పాటుకు నాలుగు కూడా ఎక్కువేమో.

చిన్న లోపాలు కూడా చెప్పాలి. నాలుగు ఫ్లడ్‌లైట్లలో ఒకటి నేను చేరినప్పటినుంచీ వెలగలేదు. బంతులు ఆరు, అందులో రెండింటికి తోలు లేచిపోయింది. నేల సిమెంటు, మోకాళ్ళకు మంచిది కాదు. క్లాసు లేదన్న మెసేజ్ మనం గేటు దగ్గరికి చేరాక వస్తుంది.

లాభం అడిగితే, పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. మూడు రోజులు తొంభయ్యేసి నిమిషాలంటే 270. బంతి తేవడానికి కాలువ దాకా వెళ్ళొచ్చే నిమిషాలు అదనం. డాక్టరు సంతోషించారు. నాకు మాత్రం ఆ లెక్క ఎప్పుడో గానీ గుర్తుకు రాదు.

ఒక్క ఆదివారం సంగతి చెప్పి వదిలేస్తాను. బ్యాచ్‌లో ఒకావిడను తీసుకొచ్చి దింపే ఆయనకు చిన్నప్పటి నుంచీ ఒక కాలు పనిచేయదు. కర్ర పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుని చూసి వెళ్ళేవారు. కోచ్ గారు ఆయన్ను ఆడతారా అని అడగలేదు. చాపలు పరిచి, నెట్టును నడుం కంటే కాస్త ఎత్తుకు దించి, "ఇవాళ అందరం కూర్చుని ఆడుతున్నాం" అన్నారంతే. సిట్టింగ్ వాలీబాల్ 1980 నుంచీ పారాలింపిక్స్‌లో ఉంది. కోర్టు 10 మీటర్లకు 6 మీటర్లే. బంతి తాకేటప్పుడు తుంటి నేల వదలకూడదు. కాళ్ళు బాగున్నవాళ్ళం లేవబోయి, ఫౌల్ అనిపించుకుని, చాపల మీద గింగిరాలు తిరిగాం. ఆయన చేతుల మీద సర్రున జరుగుతూ నాలుగు బంతులు వరసగా తీశారు. కోచ్ గారి నోట నేను రెండో సూపర్ విన్నది అప్పుడే. ఇప్పుడు నెలకో ఆదివారం అదే ఆట.

కొత్తగా వెళ్ళేవాళ్ళకు: గోళ్ళు కత్తిరించుకోండి, మోకాలి ప్యాడ్లు వేసుకోండి, పావుగంట ముందు వెళ్తే నెట్టు కట్టడం నేర్పుతారు. మొదటి వారం ముంజేతులు కందుతాయి, చల్లటి నీళ్ళు చాలు. నాకు లిబరో జెర్సీ ఇంకా రాలేదు, నేను అడగడం మానేశాను. ఎడమవైపు వెనక మూల చీకటిగా ఉంటుంది, ఆ వెలగని లైటు అక్కడిదే. బంతి ఆ మూలకు వస్తే మీరు వదిలెయ్యండి. నాది.